పెద్దాయన చేతిపని ఎక్కడ రాశారు?

పెదకర్మ రోజున భోజనాల దగ్గర పంచే చిన్న పుస్తకాలు ఇప్పుడు ఊరూరా కనిపిస్తున్నాయి. నున్నటి అట్ట, లోపల ఇరవై ముప్ఫై పేజీలు, వెనక మనవలూ మనవరాళ్ళ ఫొటోలు. ఈమధ్య అలాంటిదొకటి చదివాను. పోయినాయన పదిహేనేళ్ళు సైన్యంలో మెకానిక్కుగా చేసి, ఊరికొచ్చి ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయిల్ ఇంజిన్లు బాగుచేసే షెడ్డు నడిపినవాడు. పుస్తకం నిండా "క్రమశిక్షణకు మారుపేరు", "నిగర్వి", "స్నేహశీలి", "దేశసేవలో తరించిన ధన్యజీవి" లాంటి మాటలే. షెడ్డు గురించి ఒక్క వాక్యం. సైన్యంలో ఏ విభాగం, ఏ పని, ఏయే చోట్ల ఉన్నాడు అన్నది అసలు లేదు. ఆయన ఫొటో తీసేసి అదే ఊళ్ళో రిటైరైన ఏ మాస్టారి ఫొటో పెట్టినా ఆ పుస్తకం అతికినట్టు సరిపోతుంది.

దుఃఖంలో ఉన్న కుటుంబం రాసుకున్నదాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఇది ఒక్క ఇంటి సంగతే అయితే ఇంత రాసేవాణ్ణీ కాదు. 1965, 1971 యుద్ధాల నాటికి సైన్యంలో ఉన్న మనవాళ్ళలో బతికున్నవాళ్ళు డెబ్భయ్యో ఎనభయ్యో దాటి ఉన్నారు. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారని అందరికీ తెలుసు. అలాంటి పేరు రాని ఊళ్ళలో కూడా వీధికొక మిలిటరీ ఆయన ఉండేవాడు. తిరిగొచ్చి కొందరు బ్యాంకు కాపలా ఉద్యోగాల్లో చేరారు, కొందరు సేద్యంలో పడ్డారు, కొందరు సైన్యంలో నేర్చిన పనితోనే షెడ్డు పెట్టుకున్నారు. ఈ మూడోరకం వాళ్ళ జీవితంలో రాయదగిందంతా వాళ్ళ చేతుల్లో ఉంది. మనం రాస్తున్నది మాత్రం వాళ్ళ గుణాల గురించి. గుణాలు రాసేముందు ఆయన చేసిన పని ఏమిటో, ఎలా చేశాడో, ఎవరికి నేర్పాడో కాగితం మీద పెట్టాలనీ, అది లేని సంస్మరణ ఎంత ప్రేమగా రాసినా ఆయనది కాదనీ నా అభిప్రాయం.

డిశ్చార్జి బుక్కుతో మొదలుపెట్టాలి

ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, సైన్యం నుంచి బయటికొచ్చేటప్పుడు ఇచ్చిన చిన్న పుస్తకం ఉంటుంది. పింఛను పనికి తప్ప దాన్ని ఎవరూ తెరవరు. అందులో ఆయన నంబరు, ర్యాంకు, భర్తీ అయిన తేదీ, భర్తీ అయిన చోటు, ట్రేడు (అంటే ఆయన చేసే పని), ఆ పనిలో క్లాసు, పాసైన కోర్సులు, పతకాలు, బయటికొచ్చిన తేదీ, వచ్చిన కారణం, నడవడిక అన్నీ ఉంటాయి. ఒక్కో గడి వెనక ఒక్కో కథ ఉంది.

ర్యాంకు సంగతే తీసుకోండి. సమాధి రాళ్ళ మీదా, ఫ్లెక్సీల మీదా అందరికీ "సిపాయి" అని రాసేస్తారు. ఈఎంఈ విభాగంలో, అంటే సైన్యపు బళ్ళూ తుపాకులూ రేడియోలూ బాగుచేసే విభాగంలో, జవానుని సిపాయి అనరు. ఆయన హోదా క్రాఫ్ట్స్‌మన్. ఇంజనీరింగు దళంలో అయితే శాపర్, ఫిరంగి దళంలో గన్నర్, సిగ్నల్స్‌లో సిగ్నల్‌మన్. 1943 అక్టోబరు 15న ఈఎంఈ పుట్టింది. నేటికీ ఆ తేదీన ఆ విభాగం వాళ్ళు పండగ చేసుకుంటారు. సికింద్రాబాదులో దాని శిక్షణ కేంద్రం ఉండడం వల్ల మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళకి ఆ పేరు కొత్త కాదు. ముప్ఫై ఏళ్ళు షెడ్డు నడిపిన మనిషికి సైన్యం ఇచ్చిన హోదాలోనే పనివాడు అన్న అర్థం ఉంటే, రాతిమీద ఆ హోదానే ఉండాలి కదా.

బయటికొచ్చిన కారణం గడి ఇంకా ముఖ్యం. భర్తీనాటి షరతుల ప్రకారం సర్వీసు పూర్తయిందని ఉంటే ఒక కథ. ఇంటి పరిస్థితుల వల్ల సొంత కోరిక మీద అని ఉంటే పూర్తిగా వేరే కథ. జవాన్లకి సర్వీసు పింఛను రావాలంటే పదిహేనేళ్ళు నిండాలి. పన్నెండో ఏట సొంత కోరిక మీద వచ్చేశాడంటే చేతికందబోయే పింఛనుని వదులుకుని వచ్చాడన్నమాట. తండ్రి మంచాన పడ్డాడా, అన్నదమ్ముల మధ్య పొలం తగాదా వచ్చిందా, భార్య ఒంటరిగా నెట్టుకురాలేకపోయిందా? ఆ ఇంటి చరిత్రలో పెద్ద మలుపు ఆ ఒక్క గడిలో ఉంటుంది. తర్వాత షెడ్డు ఎందుకు అంత పట్టుదలగా నడిపాడో కూడా అక్కడే అర్థమవుతుంది. వెనక పింఛను లేదు మరి.

పుట్టినతేదీని మాత్రం నమ్మకండి. ఆ తరంలో భర్తీనాడు అంచనాగా రాయించినవే ఎక్కువ. జులై ఒకటో తారీకు కనిపిస్తే బడిలోనో భర్తీ ఆఫీసులోనో ఎవరో వేసిన తేదీ అయ్యుండే అవకాశం ఎక్కువ. ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే తుఫాను ఏడో, ఫలానా పుష్కరాల ఏడో పక్కన రాసుకోవడం మంచిది. పేరు కూడా అంతే. ఇంటిపేరు ఇంగ్లీషు పొడి అక్షరమైపోయి, పేరు చివర ముక్క ఎగిరిపోయి, యూనిట్‌లో అందరూ "రావ్" అనో "నాయుడు" అనో "రాజు" అనో పిలిచి ఉంటారు. పాత స్నేహితుల్ని వెతకాలంటే ఆ పేరూ, నంబరూ పనికొస్తాయి గానీ ఊరివాళ్ళు పిలిచే పేరు కాదు.

బుక్కు పోతే? జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన విభాగం రికార్డు ఆఫీసుకి రాయాలి. ఈఎంఈ, ఆర్డ్‌నెన్స్ దళాల రికార్డులు సికింద్రాబాదులోనే ఉంటాయి. మద్రాస్ శాపర్లవి బెంగుళూరులో, మద్రాస్ రెజిమెంటువి వెల్లింగ్టన్‌లో, ఫిరంగి దళానివి నాసిక్ రోడ్డులో, సిగ్నల్స్‌వి జబల్‌పూర్‌లో. నంబరు లేకుండా రాస్తే పని జరగదు. బుక్కు దొరక్కపోతే పాత మనీయార్డరు ముక్కల మీదా, పింఛను కాగితాల మీదా, కొన్నిసార్లు ట్రంకు పెట్టె మూత మీదే తెల్ల రంగుతో రాసిన నంబరు ఉంటుంది. ఆ పెట్టెకి కొత్త రంగు వేసేముందు ఫొటో తీసుకోండి.

ఉత్తరాల కవర్లు ఉంటే అదృష్టమే. చిరునామాలో ఊరి పేరుండదు, "56 ఏపీవో" అనో "99 ఏపీవో" అనో ఉంటుంది. ఏపీవో అంటే సైన్యపు తపాలా ఆఫీసు. స్థూలంగా 56 అంటే ఉత్తర, పశ్చిమ సరిహద్దుల వైపు, 99 అంటే ఈశాన్యం వైపు. కవరు మీద తపాలా ముద్రలో తేదీ కనబడితే ఏ ఏడు ఆయన ఏ దిక్కున ఉన్నాడో వరస కట్టొచ్చు. ఆయన "అప్పుడెప్పుడో కాశ్మీరు" అని వదిలేసిన మాటకి ఏడాదీ నెలా దొరుకుతాయి.

పతకాలు చెప్పేదీ చెప్పనిదీ

ఇక్కడే కుటుంబాలు ఎక్కువ పొరపాటు పడతాయి. 1971 నాటి సంగ్రామ్ మెడల్ చూసి "యుద్ధంలో పోరాడాడు" అని రాసేస్తారు. ఆ పతకం ఆ కాలంలో సైన్యంలో ఉన్నవాళ్ళకి విస్తృతంగా ఇచ్చినది. పశ్చిమ రంగంలో ఉన్నవాళ్ళకి పశ్చిమీ స్టార్, తూర్పు రంగంలో ఉన్నవాళ్ళకి పూర్వీ స్టార్ విడిగా ఉన్నాయి. అలాగే 1965కి రక్షా మెడల్ ఒకటి, కార్యరంగంలో ఉన్నవాళ్ళకి సమర్ సేవా స్టార్ ఒకటి. 1972 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళకి స్వాతంత్ర్య రజతోత్సవ పతకం వచ్చింది. అది యుద్ధానిది కాదు. సైన్య సేవా మెడల్ ఉంటే దాని రిబ్బను మీద బిగించిన లోహపు పట్టీ చదవాలి. జమ్మూ కాశ్మీర్, నేఫా (ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్), హిమాలయ, ఇలా పనిచేసిన ప్రాంతం పేరు దానిమీద ఉంటుంది.

"యుద్ధంలో లేడని రాస్తే నాన్నని తగ్గించినట్టు కాదా?" అని ఎవరైనా అడగొచ్చు. నాకది తగ్గింపుగా కనిపించదు. 1971 డిసెంబరులో వందల మైళ్ళ వెనక వర్క్‌షాపులో శక్తిమాన్ ట్రక్కు గేరుబాక్సు దింపుతున్న మెకానిక్కు చెయ్యని పోరాటాన్ని ఆయనకి అంటగడితే, చేసిన పని మరుగున పడుతుంది. ఆయన బతికుండగా ఎప్పుడూ చెప్పని సాహసం ఆయన పోయాక పుస్తకంలోకి వస్తే, అది చదివిన పాత స్నేహితుడు మిగతాది కూడా నమ్మడు.

పతకాల్ని బ్రాసోతో తోమకండి. చాలావాటి అంచు మీద నంబరూ పేరూ చెక్కి ఉంటాయి, మెరుగు పెట్టినప్పుడల్లా ఆ అక్షరాలు అరిగిపోతాయి. మెత్తటి పొడిబట్టతో తుడిస్తే చాలు. రిబ్బను చీకిపోతే కొత్తది కొనుక్కోండి, పాతది పారెయ్యకుండా కవర్లో దాచండి.

జెండా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. రిటైరైన సైనికుడు పోతే ఊళ్ళో యువకులు ప్రేమకొద్దీ త్రివర్ణ పతాకం కప్పుతున్నారు. జెండా నియమావళి ప్రకారం ప్రభుత్వ, సైనిక, కేంద్ర సాయుధ బలగాల లాంఛనాలతో జరిగే అంత్యక్రియల్లో తప్ప జెండాని కప్పకూడదు. అప్పుడైనా కాషాయం తలవైపు ఉండాలి, చితిలో కాల్చకూడదు, గోతిలోకి దించకూడదు. పదిహేనేళ్ళు రోజూ ఆ జెండాకి వందనం చేసిన మనిషికి ఈ నియమం మనకంటే బాగా తెలుసు. ఆయన యూనిట్ బెరే టోపీ, బెల్టు పక్కన పెట్టినా గౌరవమే.

షెడ్డులో జరిగిన పని

ఎవరూ రాయనిది ఇదే కాబట్టి కొంచెం సాగదీస్తాను.

డెబ్భైల్లో, ఎనభైల్లో మన పొలాల్లో తిరిగినవి ఎక్కువగా అయిదు హార్స్‌పవర్ల ఒంటి సిలిండరు డీజిలు ఇంజిన్లు. నీళ్ళతో చల్లబడేవి, చేత్తో తిప్పి స్టార్టు చేసేవి. 80 మిల్లీమీటర్ల బోరు (సిలిండరు లోపలి వెడల్పు), నిమిషానికి 1500 చుట్లు. రైతు పరుగున వచ్చి "ఇంజిన్ ఆగిపోయింది, తిరగట్లేదు" అంటాడు. నాట్ల సమయం. మంచి మెకానిక్కు ముందు పానా తియ్యడు, ప్రశ్న అడుగుతాడు. డీజిలు అయిపోయి ఆగిందా, నడుస్తూ నడుస్తూ ఆగిందా? ఆగేముందు పొగ ఏ రంగు?

డీజిలు అయిపోయి ఆగితే లోపల గాలి పట్టి ఉంటుంది. ట్యాంకు నింపినా తిరగదు. ఫిల్టరు మీద గాలి మర వదులు చేస్తే నురగతో డీజిలు వస్తుంది. బుడగలు ఆగి సన్నటి ధార వచ్చేదాకా చూసి బిగించాలి. తర్వాత పంపు దగ్గర మర. చివరికి సిలిండర్లోకి డీజిలు చిమ్మే నాజిల్ దగ్గర సన్నగొట్టం నట్టు వదులు చేసి, హ్యాండిలు తిప్పుతుంటే డీజిలు చిమ్మాలి, అప్పుడు బిగించాలి. ట్యాంకు వైపు నుంచి నాజిల్ వైపుకే రావాలి. వరస తప్పితే గాలి మళ్ళీ లోపలికే పోతుంది. అక్కడుండే రాగి వాషర్లు ఒకసారి నలిగాక గట్టిపడి కారతాయి. కొత్తవి లేనప్పుడు ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడి మళ్ళీ పట్టుకుంటాయి. ఉక్కుని కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది, రాగికి అలా జరగదు. కమ్మరి కొలిమి చూసి పెరిగిన కుర్రాడికి ఇది వింతగా ఉంటుంది. అందుకే గురువు చెప్పాలి.

పొగ నల్లగా ఉంటే గాలి చాలట్లేదు, లేదా డీజిలు ఎక్కువ పడుతోంది. ఎయిర్ ఫిల్టరూ నాజిలూ చూడాలి. నీలంగా ఉంటే ఇంజినాయిలు కాలుతోంది, పిస్టన్ రింగుల పని. తెల్లగా ఉంటే డీజిలు మండకుండా పోతోంది, లేదా నీళ్ళు లోపలికి దిగుతున్నాయి.

రింగులు మార్చడంలోనే పనివాడి తేడా తెలుస్తుంది. కొత్త రింగుని నేరుగా పిస్టన్‌కి ఎక్కించకూడదు. ముందు లైనర్లో, అంటే పిస్టన్ ఆడే లోపలి గొట్టంలో పెట్టి, పిస్టన్‌తో కిందికి నెట్టి సమంగా కూర్చోబెట్టి, రెండు కొసల మధ్య సందుని ఫీలర్ గేజీతో, అంటే కొలత రాసున్న పలచటి రేకులతో కొలవాలి. పాత లెక్క బోరు అంగుళానికి మూడు నాలుగు థౌలు. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. 80 మిల్లీమీటర్లకి పది పన్నెండు థౌలన్నమాట. సందు తక్కువైతే వేడికి రింగు సాగి కొసలు ఒకదాన్నొకటి నెట్టుకుని లైనర్ని గీరేస్తుంది. అప్పుడు ఆకురాయితో కొస సమం చెయ్యాలి. సందు ఎక్కువైతే గాలి కిందికి జారిపోయి పొద్దున్నే స్టార్టు కాదు. ఎక్కించేటప్పుడు అన్ని రింగుల సందులూ ఒకే వరసలో పడకూడదు.

ఇంతవరకు పుస్తకాల్లోనూ ఉంటుంది. షెడ్డులో అసలు చిక్కు వేరు. లైనరు కూడా మార్చాలి, రైతు దగ్గర డబ్బు లేదు. అరిగిన లైనర్లో పైభాగాన, పాత రింగు చేరని చోట చిన్న మెట్టు మిగులుతుంది. ఆ మెట్టు గీరెయ్యకుండా కొత్త రింగులు వేస్తే పై రింగు దానికి కొట్టుకుని వారం తిరక్కుండా విరుగుతుంది. పెద్దాయన ఆ మెట్టుని గీరి, లోపలి నునుపుని గరుకుకాగితంతో అడ్డదిడ్డంగా చెరిపి, "ఈ పంట గట్టెక్కుతుంది, వచ్చే ఏడు లైనరు తప్పదు" అని చెప్పి పంపేవాడు. ఆ మాటలో పనితనమూ నిజాయితీ కలిసే ఉన్నాయి. "నిజాయితీపరుడు" అని వట్టిగా రాసేకంటే ఈ మెట్టు సంగతి రాయండి.

వాల్వులు నూరడంలోనూ అంతే. గరుకు ముద్దతో మొదలుపెట్టి సన్న ముద్దతో ముగించి, పోర్టులో, అంటే వాల్వు వెనక దారిలో కిరసనాయిలు పోసి చూడాలి. వాల్వు చుట్టూ తడి రాకపోతే పట్టినట్టు. ఇంజిన్ తిప్పేటప్పుడు బొటనవేలు హ్యాండిలు అవతల వైపు చుట్టకుండా మిగతా వేళ్ళ వైపే ఉంచాలి. ఇంజిన్ వెనక్కి తంతే బొటనవేలో మణికట్టో విరుగుతుంది. ఏ షెడ్డులో అయినా కొత్త కుర్రాడికి మొదటిరోజు మొదటి పాఠం ఇదే.

ఇక లెక్కల పుస్తకం. ఫలానా ఊరు, ఫలానా రైతు, ఇంజిన్ రకం, జబ్బు, వేసిన సామాను, ఇచ్చింది, బాకీ. పంట ఇంటికొచ్చాక తీర్చిన బాకీకి అడ్డగీత, తీరనిదానికి లేదు. ఆ పుస్తకాలు వరసగా చూస్తే ఊరి సేద్యం కనిపిస్తుంది. ఏ వేసవిలో బావులు అడుగంటి ఇంజిన్లు గోతుల్లోకి దింపారో, ఏ ఏడు బోర్లూ కరెంటు మోటార్లూ పెరిగాయో తెలుస్తుంది. 2004లో సేద్యానికి ఉచిత కరెంటు వచ్చాక నీటి ఇంజిన్ల పని ఎలా పడిపోయిందో, షెడ్డు మోటారు వైండింగు వైపో స్ప్రేయర్ల వైపో ఎలా తిరిగిందో కూడా ఆ పేజీల్లోనే ఉంటుంది. సంస్మరణ పుస్తకంలో రెండు పేజీలు ఫొటో తీసి వేస్తే చాలు. ఒక్క జాగ్రత్త: బాకీపడ్డవాళ్ళ పేర్లు మూసెయ్యాలి. ఆ రైతుల పిల్లలు అదే పంక్తిలో భోజనం చేస్తుంటారు.

పుట్టుకతో రాని పని

కమ్మరం, వడ్రంగం, కంసాలిపని ఆ కులాల్లో పుట్టినవాళ్ళకే అబ్బుతాయని నమ్మిన ఊళ్ళలో, ఇంజిన్ పని మాత్రం పరీక్ష పాసై వచ్చింది. సైన్యంలో ట్రేడు పరీక్ష రాసి మూడో క్లాసు, రెండో క్లాసు, మొదటి క్లాసు ఎక్కాలి. క్లాసుని బట్టి జీతం. కూలికెళ్ళే ఇంటి కుర్రాడు, గీతగాడి కొడుకు, చిన్నరైతు కొడుకు ఎవరైనా సరే, ఇంజిన్ విప్పి బిగించి తిప్పి చూపిస్తే చాలు. అలా వచ్చిన పనిని ఊరికి తెచ్చి షెడ్డు పెడితే, అక్కడ చేరే కుర్రాళ్ళు కూడా రకరకాల ఇళ్ళ నుంచి వచ్చారు. అన్ని షెడ్లూ అలా నడిచాయని అనను. నీళ్ళ కుండ వేరుగా పెట్టిన షెడ్లూ ఉన్నాయి. ఏది జరిగితే అది రాయాలి. కుర్రాళ్ళ పేర్లు మాత్రం వదలకూడదు. ఎవరెవరు పని నేర్చుకున్నారు, ఎన్నాళ్ళున్నారు, ఇప్పుడెక్కడ షెడ్డు పెట్టుకున్నారు? వంశవృక్షం వేసే పేజీ పక్క పేజీలో ఈ జాబితా ఉండాలి. ఆయన పని నిలబడింది వాళ్ళ చేతుల్లోనే.

మాట్లాడని మనిషిని ఎలా అడగాలి

"మా తాతయ్య సైన్యం గురించి నోరు విప్పేవాడు కాదు" అని చాలామంది అంటారు. కొందరికి చెప్పుకోలేని జ్ఞాపకాలుంటాయి, వాటిని తవ్వే హక్కు మనకి లేదు. ఆ మౌనాన్ని గౌరవించాలన్న వాదనతో నాకు పేచీ లేదు. కానీ చాలాసార్లు మౌనానికి కారణం మన ప్రశ్నే. "యుద్ధం గురించి చెప్పు తాతయ్యా" అంటే ఏం చెబుతాడు? "లేహ్‌లో రాత్రి బండి ఆపితే రేడియేటర్లో నీళ్ళు ఏం చేసేవాళ్ళు?" అని అడగండి. గడ్డకడితే బ్లాకు పగులుతుందని రాత్రి నీళ్ళు వదిలేసి, పొద్దున్నే మళ్ళీ కాచి పోసిన సంగతి మొదలవుతుంది. అక్కడ మూడున్నర వేల మీటర్ల ఎత్తున నీళ్ళు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఎక్కుడులో రేడియేటరు ఊరికే పొంగుతుంది. గాలి పలచనై ఇంజిన్ బలం మూడోవంతు దాకా పడిపోతుంది. అలాంటి చోట జోంగా అనే సైన్యపు జీపుని కదిలించినవాడికి మన చెరువుగట్టు మీది ఇంజిన్ ఎందుకు లెక్కలేకపోయిందో అప్పుడు తెలుస్తుంది.

సామాను ముందు పెట్టి అడగడం ఇంకా మంచి పద్ధతి. పానాల సెట్టు విప్పండి. 10-11, 12-13, 14-15 ఇలా మిల్లీమీటర్ల వరస ఒక పక్క, పాత ఇంగ్లీషు మరలకి పనికొచ్చే అంగుళాల పానాలు ఇంకో పక్క ఉంటాయి. ఒక్కోదాని మీద సుత్తి దెబ్బో, సాన పట్టి పలచన చేసిన కొసో ఉంటుంది. "దీన్నెందుకు అరగదీశారు?" అంటే ఏ పంపు వెనక ఏ నట్టు అందలేదో చెబుతాడు. ఫ్యాను ఆపి, ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఆయన ఛాతీకి దగ్గరగా ఉంచి రికార్డు చెయ్యండి. షెడ్డు శబ్దంలో బతికినవాళ్ళకి వినికిడి తగ్గి ఉంటుంది కాబట్టి ఎదురుగా కూర్చుని, ఒక్కరే అడగాలి. ముప్పావుగంట దాటితే ఆపెయ్యాలి. తేదీలడిగితే తడబడతారు, పోస్టింగుల వరస అడిగితే తడబడరు. వీలైతే ఆయన యూనిట్ స్నేహితుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టండి. ఇద్దరూ పాత సైన్యపు హిందీలోకి దిగిపోతారు, మీరు మాట్లాడాల్సిన పనే ఉండదు.

ఇంటిపెద్ద అన్నాక ఇంకొకరి పేరు కూడా రావాలి

సైన్యంలో ఏడాదికి రెండు నెలల సెలవు అనుకుంటే, పదిహేనేళ్ళ సర్వీసులో ఆయన ఇంట్లో ఉన్నది రెండున్నరేళ్ళు. మిగతా పన్నెండున్నరేళ్ళు కౌలు మాట్లాడిందీ, గేదెని కొన్నదీ, పిల్లాడి జ్వరానికి బస్సెక్కిందీ, మనీయార్డరు అందుకుని అత్తగారికి లెక్క చెప్పిందీ ఎవరు? "ఇంటిని తీర్చిదిద్దిన పెద్దాయన" అని రాసేటప్పుడు ఈ లెక్క గుర్తుండాలి. మనీయార్డరు ఫారం అడుగున చిన్న ముక్క మీద నాలుగు మాటలు రాసే వీలుండేది. చాలామంది తల్లులు ఆ ముక్కల్ని దాచుకున్నారు. వాటిని అడగండి, ఆమె చెప్పేది కూడా రికార్డు చెయ్యండి. ఆయన కథలో సగం ఆమె దగ్గరే ఉంది.

సైన్యపు రికార్డులో ఆమె పేరు సరిగ్గా ఉందా అన్నది ఆయన బతికుండగానే చూడాల్సిన పని. పెళ్ళీ పిల్లల పుట్టుకా యూనిట్‌లో పార్ట్ టూ ఆర్డరుగా నమోదవ్వాలి. ఆ రోజుల్లో గుమాస్తా "లక్ష్మి" అని రాస్తే, ఆధార్‌లో "వెంకటలక్ష్మమ్మ" అని ఉంటుంది. ఆయన పోయాక కుటుంబ పింఛను ఆ తేడా దగ్గర నెలల తరబడి ఆగుతుంది. పీపీఓలో, అంటే పింఛను మంజూరు కాగితంలో ఉన్న పేరూ పుట్టినతేదీ, ఆధార్, బ్యాంకు పాసుబుక్కు మూడూ పక్కపక్కన పెట్టి చూసి, తేడా ఉంటే సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా ఆయన సంతకంతోనే సరిచేయించాలి. ఆ తర్వాత ఆమె ఒక్కతే ఆఫీసుల చుట్టూ తిరగాలి.

ఆయన కోపం, కుర్రాళ్ళ మీద విసిరిన పానా, కాంటీను రమ్ము, ఆడపిల్ల చదువు పదో తరగతితో ఆపించిన సంగతి రాయాలా? ఇక్కడ నాకు పూర్తి స్పష్టత లేదు. కర్మనాడు పంచే పుస్తకంలో రాయమనను. చదువు ఆగిపోయిన ఆ కూతురు అదే పంక్తిలో వడ్డిస్తుంటుంది, అందరి ముందూ ఆమె బాధని అచ్చువెయ్యడం ఆమె ఒప్పుకుంటేనే న్యాయం. కానీ ఇంట్లో ఉంచుకునే కాపీ ఒకటి వేరే ఉండాలి, దాన్లో అన్నీ ఉండాలి, ఆ కూతురి మాటల్లోనే ఉండాలి. మునిమనవలకి మచ్చలేని విగ్రహాన్ని అందిస్తే వాళ్ళు దండవేసి వదిలేస్తారు. పొగరంగు చూసి జబ్బు చెప్పగలిగిన మనిషి, సొంత కూతురి విషయంలో ఎందుకు అలా చేశాడో అడిగే అవకాశం వాళ్ళకి ఉండాలి.

పంపకాలు

అన్నదమ్ములు పతకాలు తలా ఒకటి తీసుకోవడం మామూలైపోయింది. విడిపోతే వాటికి అర్థం పోతుంది. ఏ స్టార్ పక్కన ఏ పతకం ఉందన్నదే ఆయన సర్వీసు చరిత్ర. మొత్తం సెట్టు ఒక్క ఇంట్లో ఉండి, మిగతావాళ్ళకి రెండువైపులా తీసిన మంచి ఫొటోలు, డిశ్చార్జి బుక్కు ప్రతి పేజీ స్కాను, రికార్డు చేసిన మాటలు అందాలి. కాగితాల్ని ల్యామినేషన్ చేయించొద్దు, టేపు అంటించొద్దు. రెండూ కొన్నేళ్ళకి కాగితాన్ని తినేస్తాయి.

సామాను పెట్టె విషయంలో నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. కొడుకుల్లో, మనవల్లో ఆ పని చేసేవాళ్ళుంటే పెట్టె వాళ్ళదే. లేకపోతే షోకేసులో పెట్టి తుప్పు పట్టించకుండా, ఇంకా పానా పట్టుకుని బతుకుతున్న శిష్యుడికి ఇచ్చెయ్యాలి. "నాన్న గుర్తుగా ఉంచుకుంటాం" అన్న మాట అర్థమవుతుంది, అందుకు ఒక్క పానా చాలు. ఆయన చేత్తో అరగదీసుకున్నది ఉంటుంది చూడండి, అది ఉంచుకోండి. మిగతావి ఎవరికి వెళ్ళాయో పేరూ ఊరూ తేదీతో లెక్కల పుస్తకం చివరి పేజీలో రాయండి. వైండింగు మిషనూ, వాల్వు నూరే కర్రా, నాజిల్ టెస్టరూ ఉంటే వాటిని విడిగా రాయండి. టెస్టరు గేజీ పనిచేస్తోందో లేదో చూసి మరీ ఇవ్వండి.